బాస్కెట్‌బాల్: పొడుగు పిల్లలకి 'లో పోస్ట్' ఆట (రింగ్ దగ్గర, దానికి వీపు తిప్పి ఆడేది) నేర్పడం ఎక్కడ మొదలుపెట్టాలి?

మండలం పీఈటీ

అందరికీ నమస్కారం. నేను పల్నాడు వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. నేను ఆడింది వాలీబాల్. బాస్కెట్‌బాల్ అంటే బీపీఈడీ చేసేటప్పుడు నేర్చుకున్నంతే. మా స్కూల్లో తొమ్మిదో తరగతి కుర్రాడు ఒకడున్నాడు. పద్నాలుగేళ్లు, ఎత్తు 6 అడుగుల 2 అంగుళాలు, బరువు 57 కిలోలు. వాళ్ల నాన్న కూడా పొడుగే, మిరప చేలల్లో పనికి వెళ్తారు. వీడు నా దగ్గరికి వచ్చేనాటికి ఒక్కటే తెలుసు, చేతులు పైకెత్తి రింగ్ కింద నిలబడటం. ఎవరు చెప్పారో గానీ అదే చెప్పారు, అదే చేస్తున్నాడు.

బంతి చేతికి రాగానే నడుము దగ్గరికి దించుతాడు, పొట్టి పిల్లలు వచ్చి లాక్కుపోతారు. లాక్కోకపోతే ట్రావెలింగ్, అంటే బంతి కొట్టకుండా అడుగులు వేసిన తప్పు. పోయినేడు ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) సెలక్షన్స్‌లో ఆరు నిమిషాలు ఆడాడు, బంతి రెండుసార్లు ముట్టుకున్నాడేమో. అప్పటినుంచి క్లాసులో కూడా భుజాలు వంచి నడుస్తున్నాడు, ఎత్తుగా ఉండటం ఏదో తప్పయినట్టు. అది చూస్తే నాకు నిద్ర పట్టడం లేదు.

యూట్యూబ్‌లో డ్రీమ్ షేక్ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడిన హకీం ఒలాజువాన్ అటూ ఇటూ ఏమార్చి తిరిగే మూవ్) చూసి నేర్పబోయాను, కాళ్లు మెలిపడి పడిపోయాడు. మాకున్నది ఒక సిమెంటు కోర్టు, ఒక్క రింగ్ బాగుంది, మూడు బంతులు. ఏ వరసలో నేర్పాలో తెలిసినవాళ్లు చెప్పండి.

పాత సెంటర్ 14

పీఈటీ గారూ, ముందు ఒక మాట. డ్రీమ్ షేక్ పక్కన పెట్టేయండి. అది చివరి మెట్టు, మీవాడు ఇంకా వీధి గుమ్మం దగ్గరున్నాడు.

నేను సికింద్రాబాద్‌లో పెరిగాను, యూనివర్సిటీకి సెంటర్‌గా (రింగ్ దగ్గర ఆడే పొడుగువాడిగా) ఆడాను, పదిహేనేళ్లుగా సాయంత్రాలు పిల్లలకి నేర్పుతున్నాను. పొడుగు పిల్లల్ని పాడు చేసేది మనమే అని నా గట్టి నమ్మకం. మిగతా పిల్లలకి డ్రిబుల్, పాస్, లే అప్ (పరిగెత్తుకొచ్చి రింగ్ దగ్గర వేసే షాట్) అన్నీ నేర్పుతాం, పొడుగువాణ్ని మాత్రం రింగ్ కింద స్తంభంలా పాతేస్తాం. పన్నెండేళ్లప్పుడు అలా నిలబడినా రీబౌండ్లు (పడకుండా తిరిగొచ్చిన బంతులు) వస్తాయి కాబట్టి అందరూ సంతోషమే. పదహారేళ్లకి మిగతావాళ్లు ఎత్తు పెరిగి వచ్చేసరికి వీడి దగ్గర ఏమీ ఉండదు.

కాబట్టి మొదటి నెలంతా కాళ్లే. బంతి లేకుండా. కాళ్లు భుజాలకంటే వెడల్పుగా, నడుము కిందికి, మంచం పట్టె అంచున కూర్చున్నట్టు. మీ ఊళ్లో కబడ్డీ ఆడే పిల్లలుంటారు కదా, రైడర్ వచ్చినప్పుడు కార్నర్ వాడు ఎలా కూర్చుని కాచుకుంటాడో అచ్చం అలా. పొడుగు పిల్లలకి ఇది నచ్చదు, వెంటనే లేచి నిలబడతారు. పోస్ట్‌లో మాత్రం నడుము ఎవరిది కింద ఉంటే జాగా వాడిదే. 57 కిలోలవాడు కూడా కిందికి కూర్చుంటే 65 కిలోలవాణ్ని కదలనివ్వడు, నా కళ్లతో చూశాను.

తర్వాత పివట్, అంటే ఒక కాలు నేలమీద ఉన్నచోటే ఉంచి దాని మీద తిరగడం. ముందుకి, వెనక్కి, ఎడమ కాలి మీద, కుడి కాలి మీద. కోర్టు మీద సుద్దతో చిన్న గుండ్రం గీసి అందులోంచి పివట్ కాలు మునివేళ్లు బయటికి రాకుండా తిప్పించండి. రోజుకి పది నిమిషాలు చాలు, కానీ రోజూ.

మికన్ డ్రిల్ కూడా అప్పుడే మొదలెట్టొచ్చు. రింగ్ కింద కుడి పక్క కుడిచేత్తో, వెంటనే ఎడమ పక్క ఎడమచేత్తో, నెట్‌లోంచి వచ్చిన బంతి నేల తాకకముందే పట్టుకోవాలి, పట్టుకున్న చేతులు గడ్డం కిందికి దిగకూడదు. ఒక్క రింగ్, ఒక్క బంతి చాలు. ఈ డ్రిల్‌కి పేరిచ్చిన జార్జ్ మికన్ కథ మీవాడికి చెప్పండి. 6 అడుగుల 10 అంగుళాలు, మందపాటి కళ్లద్దాలు, నడకలోనే తడబాటు, నోటర్ డేమ్ కాలేజీ వద్దంది. 1942లో షికాగోలోని డిపాల్ యూనివర్సిటీలో రే మేయర్ అనే కుర్ర కోచ్ చేతిలో పడ్డాడు. ఆయన స్కిప్పింగ్ చేయించాడు, డ్యాన్స్ నేర్చుకోవడానికి పంపించాడు, రెండు చేతులతో వందల కొద్దీ హుక్ షాట్లు (పక్కకి తిరిగి ఒక చేత్తో తలమీదుగా వేసేవి) వేయించాడు. ఆ కుర్రాడు ప్రొఫెషనల్ ఆటలో ఎంత పెద్దవాడయ్యాడంటే, 1951లో ఎన్‌బీఏ అతన్ని ఆపడానికి పెయింట్ (రింగ్ ముందు గీసిన పెట్టె) వెడల్పుని 6 అడుగుల నుంచి 12 అడుగులకి పెంచాల్సి వచ్చింది. అక్కడికి చేర్చింది కాళ్లకి ఇచ్చిన శిక్షణే.

వైజాగ్ పాయింట్ గార్డ్

పాత సెంటర్ అన్నా మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. ఇప్పుడు ఎవరు ఆడుతున్నారు లో పోస్ట్? ఐదుగురూ బయటే నిలబడి త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేసే రోజులివి. 6 అడుగుల 2 అంగుళాల కుర్రాడు ఇంక పెరగకపోతే? సీనియర్స్‌కి వచ్చేసరికి అది గార్డ్ (బయట నుంచి బంతి నడిపేవాడు) ఎత్తు. రింగ్‌కి వీపు తిప్పి ఆడటం తప్ప ఇంకేమీ రాకపోతే వాడి ఆట అక్కడితో అయిపోతుంది. ఎన్‌బీఏ ఆటగాడు ఆంథనీ డేవిస్‌ని చూడండి, హైస్కూల్లో గార్డ్‌గా ఆడుతూ ఏడాదిన్నరలో దాదాపు 8 అంగుళాలు పెరిగాడు, గార్డ్‌గా నేర్చుకున్నవన్నీ చేతిలోనే ఉన్నాయి, అందుకే అంత గొప్పవాడయ్యాడు. పిల్లాడికి డ్రిబుల్, షాట్ నేర్పండి సార్.

ఫ్రిస్కో నాన్న

నేను డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాను, మాది తెనాలి. మా అబ్బాయికి పదమూడేళ్లు, 6 అడుగులు దాటాడు, క్లబ్ టీమ్‌లో ఆడుతున్నాడు. వైజాగ్ తమ్ముడు చెప్పినట్టే ఇక్కడ అందరూ బయటే. రెండేళ్లలో మావాడికి ఒక్కరంటే ఒక్కరు పివట్ నేర్పలేదు. త్రీలు వేస్తాడు, పడితే పడతాయి. కానీ పెయింట్‌లో బంతి దొరికితే ఏం చెయ్యాలో తెలీక వెంటనే బయటికి విసిరేస్తాడు, రింగ్ రెండడుగుల దూరంలో ఉన్నా సరే. అది చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

పోస్ట్ ఆట చచ్చిపోయిందనే మాట నేను నమ్మను. ఎన్‌బీఏ సెంటర్ నికోలా యోకిచ్‌ని చూడండి. 2014 డ్రాఫ్ట్‌లో (జట్లు వరసగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునేది) 41వ వాడు, పెద్దగా ఎగరలేడు, పరిగెత్తలేడు, కానీ 2021, 2022, 2024లో ఎంవీపీ (ఆ ఏటి మేటి ఆటగాడు), 2023లో టైటిల్. అతను చేసేదంతా కాళ్లతోనే కదా, పివట్, భుజంతో ఒక ఫేక్ (ఏమార్చడం), మళ్లీ పివట్. పైగా పోస్ట్‌లో బంతి పట్టుకుని నలుగురినీ చూస్తాడు. పోస్ట్‌లో ఆడేవాడు స్కోర్ చేస్తే చాలన్నది పోయింది, పాస్ కూడా ఇవ్వాలి.

సత్నామ్ సింగ్‌ని కూడా ఈ ఫ్రిస్కోలోనే చూశాను. పంజాబ్‌లోని బల్లో కే అనే పల్లె నుంచి లుధియానా అకాడమీకి, అక్కడి నుంచి 2010లో ఫ్లోరిడా ఐఎంజీ అకాడమీకి, 2015లో ఎన్‌బీఏ జట్టు డాలస్ మావెరిక్స్ 52వ పిక్‌గా తీసుకుంటే మొత్తం ఇండియా సంతోషపడింది. 7 అడుగుల 2 అంగుళాలు. ఇక్కడి టెక్సాస్ లెజెండ్స్‌కి, అంటే మావెరిక్స్ కింది జట్టుకి ఆడేవాడు. చేతులు మెత్తగా ఉండేవి, షాట్ బాగుండేది, కానీ మొదటి జట్టుకి మాత్రం ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు. నాకు అనిపించింది ఏంటంటే, పక్కకి కదలడం, పిక్ (తోటి ఆటగాడి అడ్డు) వాడుకుని వచ్చే గార్డ్ వెంట వెళ్లడం, ఆ కాళ్ల వేగం దగ్గర ఆగిపోయింది. పెద్ద శరీరానికి కాళ్లు చిన్నప్పుడే నేర్పాలి అని అప్పటినుంచి నా మనసులో ఉండిపోయింది.

పాత సెంటర్ 14

వైజాగ్ తమ్ముడూ, షాట్, డ్రిబుల్ నేర్పొద్దని నేనెక్కడన్నాను? అన్నీ నేర్పాలి. అందులో పోస్ట్ కూడా ఉండాలి అంటున్నా. నువ్వు చెప్పిన భయం నిజమే, మీవాడు 6-2 దగ్గర ఆగిపోవచ్చు పీఈటీ గారూ. ఆగినా నష్టం లేదు. పివట్, సీల్ (డిఫెండర్‌ని వీపుతో అడ్డుకోవడం), పంప్ ఫేక్ (షాట్ వేస్తున్నట్టు చూపించడం) వచ్చిన గార్డ్‌కి పొట్టి గార్డ్ ఎదురుపడితే పోస్ట్‌లోకి తీసుకెళ్తాడు.

ఇంకోటి, మీరంతా ఎన్‌బీఏ చూసి మాట్లాడుతున్నారు. మన పిల్లలు ఆడేది ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్స్‌తో. ఎన్‌బీఏలో 2001-02 నుంచి డిఫెన్సివ్ త్రీ సెకండ్స్ ఉంది, ఎవర్నీ కాయకుండా డిఫెండర్ పెయింట్‌లో నిలబడిపోవడానికి వీల్లేదు. మనకి ఆ రూల్ లేదు. మన స్కూల్ మ్యాచుల్లో పదింటికి ఎనిమిది జట్లు టూ త్రీ జోన్ (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు, ఎవరి చోటు వాళ్లు కాయడం) వేసుకుని కూర్చుంటాయి, వాళ్ల పొడుగువాడు రింగ్ కిందే. మీవాడు బ్లాక్ (పెయింట్ పక్క గీత మీద రింగ్ దగ్గరుండే గుర్తు) దగ్గర వీపు తిప్పి ఎదురుచూస్తే ముగ్గురు మీద పడతారు. అందుకని జోన్ మీద అయితే వాడు మధ్యలో ఫ్రీ త్రో లైన్ దగ్గరికి వచ్చి బంతి అందుకోవాలి, లేదా బేస్‌లైన్ (రింగ్ వెనకాల గీత) పక్కన రింగ్‌కి పది అడుగుల దూరంలో ఖాళీలో ఉండాలి, బంతి వైపు మారగానే మధ్య డిఫెండర్‌కి వీపు అడ్డం పెట్టి సీల్ చేయాలి. జోన్ వాళ్లు బంతి వైపు చూస్తుంటారు, వెనకాల ఉన్నవాణ్ని చూడరు. అదే వాడికి దొరికే సందు.

అమ్మాయిల కోచ్

ఇంతసేపూ ఒకరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తున్నాను. ఆ కుర్రాడు ఆరు నిమిషాల్లో రెండుసార్లే బంతి ముట్టుకున్నాడంటే తప్పు వాడిది కాదు. బంతి ఇచ్చేవాడు లేడు.

గుంటూరులో పన్నెండేళ్లుగా అమ్మాయిలకి కోచింగ్ ఇస్తున్నాను. నా సెంటర్ అమ్మాయిలు అందరూ ఏదో ఒకరోజు ఏడుస్తూ ఇదే అన్నారు, "మేడమ్, నేను చెయ్యి చాపి అడుగుతూనే ఉన్నా, ఎవరూ ఇవ్వరు" అని. పోస్ట్ ఆట ఇద్దరి ఆట. ఎంట్రీ పాస్ (బయట నుంచి పోస్ట్‌లోకి ఇచ్చేది) ఇవ్వడం డ్రాప్ స్టెప్ (కాలు వెనక్కి వేసి డిఫెండర్‌ని దాటడం) కంటే కష్టం, అది ఎవరూ ప్రాక్టీస్ చేయరు. గార్డ్ పైన మధ్యలో నిలబడి పోస్ట్‌కి నేరుగా విసురుతుంది, డిఫెండర్ చెయ్యి పెడుతుంది, బంతి పోతుంది. రెండుసార్లు పోయాక కోచే అరుస్తాడు "లోపలికి ఇవ్వకు" అని. అక్కడితో ఆ పొడుగు అమ్మాయి ఆట ముగిసినట్టే. పరిగెత్తడం మానేస్తుంది. ఎందుకు పరిగెత్తాలి, ఎలాగూ రాదని తెలిసినప్పుడు?

నేను చేసేది చెప్తాను. పాస్ ఇచ్చే అమ్మాయి ఫ్రీ త్రో లైన్‌ని పక్కకి పొడిగిస్తే వచ్చే గీత కంటే కిందికి, బేస్‌లైన్ వైపుకి డ్రిబుల్‌తో దిగాలి. అప్పుడు తనూ, పోస్ట్ అమ్మాయీ, రింగూ ఒకే వరసలోకి వస్తాయి, డిఫెండర్ వెనకాల ఉండిపోతుంది. పైకి ఫేక్ చేసి కింది నుంచి బౌన్స్ పాస్, డిఫెండర్‌కి దూరంగా ఉన్న చేత్తో. పోస్ట్ అమ్మాయి ఏ చెయ్యి చూపిస్తే ఆ చేతికే, వేరే చోటికి కాదు. పాస్ ఇచ్చాక నిలబడి చూడకూడదు, కదలాలి. నిలబడితే తన డిఫెండర్ వెళ్లి డబుల్ చేస్తుంది, అంటే పోస్ట్ అమ్మాయి మీద ఇద్దరవుతారు. పోస్ట్ డిఫెండర్ ముందుకొచ్చి అడ్డం నిలబడితే, అంటే ఫ్రంట్ చేస్తే, బంతిని పైకి తిప్పి అటు నుంచి ఇవ్వాలి, లేదా బోర్డు మూల వైపు ఎత్తుగా లాబ్.

మా దగ్గర రూల్ ఒకటుంది. ప్రాక్టీస్ మ్యాచ్‌లో ప్రతి మూడో పొజెషన్‌కైనా (బంతి మన చేతికి వచ్చిన విడత) బంతి ఒకసారి పెయింట్ ముట్టుకుని రావాలి, లేకపోతే బాస్కెట్ పడినా లెక్కలోకి రాదు. మొదట్లో గార్డ్ పిల్లలు అలిగారు, తర్వాత వాళ్లకే ఖాళీ షాట్లు దొరకడం మొదలయ్యాక అలక పోయింది.

మీ కుర్రాడికి ఎవరు పాస్ ఇస్తారో ఆ ఇద్దరు పిల్లల్ని కూడా పిలవండి సార్. ముగ్గురికీ కలిపి నేర్పండి.

మండలం పీఈటీ

మేడమ్, మీరు చెప్పింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. నేనే అరిచాను లోపలికి ఇవ్వొద్దని. ఆ మ్యాచ్‌లో.

రేపటి నుంచి ముగ్గురినీ పిలుస్తాను.

ఫిజియో హైదరాబాద్

నేను ఆటగాళ్లకి ఫిజియోని. ఒక ప్రశ్న. ఆ అబ్బాయికి మోకాలి చిప్ప కింద గట్టిగా ఉబ్బు, నొక్కితే నొప్పి ఉందా? పదీ పదిహేనేళ్ల మధ్య వేగంగా ఎత్తు పెరిగే పిల్లల్లో, ఎక్కువగా ఎగిరే ఆటలు ఆడేవాళ్లలో, తొడ కండరం లాగుడు వల్ల ఇది చాలా మామూలుగా వస్తుంది. దీన్ని ఆస్గుడ్ ష్లాటర్ అంటారు. చాలామందికి ఎదుగుదల అయ్యాక దానంతటదే తగ్గుతుంది, కానీ నొప్పిలో ఎగిరించి ఎగిరించి పిల్లాడికి ఆటంటేనే విరక్తి తెప్పిస్తారు. నొప్పి ఉన్నరోజు ఎగరడాలు తగ్గించి పివట్లు, పాసింగ్, ఫ్రీ త్రోలు చేయించండి. తగ్గకపోతే డాక్టర్‌కి చూపించాలి. సిమెంటు కోర్టు కాబట్టి ఇంకా జాగ్రత్త. స్కిప్పింగ్ మట్టి మీద చేయించండి.

ఇంకో సంగతి. ఎత్తు గబగబా పెరిగే ఏడాది పిల్లలు నిజంగానే తడబడతారు. కాళ్లూ చేతులూ పొడుగైపోయి శరీరానికి కొత్త లెక్క అలవాటవ్వాలి. నిన్న వచ్చిన లే అప్ ఇవాళ రాదు. అది బద్ధకం కాదు, వాడితో అలా అనకండి. బరువులు ఎత్తించొద్దు, సొంత బరువుతో గుంజీలు, ప్లాంక్, ఒంటికాలి మీద నిలబడటం చాలు. తిండి చూడండి, 57 కిలోలు ఆ ఎత్తుకి తక్కువ. మధ్యాహ్న భోజనంలో గుడ్డు, చిక్కీ వదలకుండా తినమనండి, రాత్రి తొమ్మిదింటికల్లా పడుకోమనండి.

మండలం పీఈటీ

మేడమ్, ఉంది. ఎడమ మోకాలికి. నేను పిరికితనం అనుకున్నాను, వాడు ఎప్పుడూ చెప్పలేదు. నొక్కితే ముఖం ముడుచుకున్నాడు. సోమవారం ఏరియా హాస్పిటల్‌కి తీసుకెళ్తాను.

పాత సెంటర్ గారూ, ఇంకో సందేహం. బంతి పట్టుకున్నాక ఏ మూవ్ నేర్పాలి? మా కోర్టు మీద పెయింట్ ఇంకా పాత ట్రెపీజియం ఆకారంలోనే ఉంది, దాంతో ఏమైనా తేడా వస్తుందా?

పాత సెంటర్ 14

వస్తుంది, చాలా వస్తుంది. మేము ఆడిన ట్రెపీజియం బేస్‌లైన్ దగ్గర 6 మీటర్ల వెడల్పు. అంటే బయట నిలబడితే రింగ్ మధ్య నుంచి 3 మీటర్లు. 2010 నుంచి ఫీబా దాన్ని 4.9 మీటర్ల దీర్ఘచతురస్రం చేసింది, 2.45 మీటర్ల దగ్గర నిలబడొచ్చు. అర మీటరు పైగా రింగ్‌కి దగ్గర, అంటే ఒక డ్రిబుల్ మిగిలినట్టే. మీ కోర్టు మీద కొత్త గీత సుద్దతోనైనా గీయండి, లేకపోతే వాడు అలవాటు పడిన చోటు మ్యాచ్‌లో ఉండదు.

మూవ్ విషయం. ఒక మూవ్, దానికి విరుగుడు ఒకటి. మొదటి ఏడాదికి అంతే. కుడిచేతి వాటం అయితే ఎడమ బ్లాక్ దగ్గర మొదలెట్టండి, ఎడమ అంటే రింగ్ వైపు చూస్తే మన ఎడమ పక్కది. అక్కడ రింగ్‌కి వీపు తిప్పి నిలబడితే ఎడమ భుజం మధ్య వైపు ఉంటుంది. బంతి రెండు చేతులతో పట్టి, గడ్డం కింద పెట్టి, మోచేతులు బయటికి. వెంటనే కదలకూడదు, ముందు భుజం మీదుగా చూడాలి. వీపుకి డిఫెండర్ ఎక్కడ తగులుతున్నాడో అదే వాడికి జవాబు. డిఫెండర్ బేస్‌లైన్ వైపు ఉంటే, ఎడమ కాలు మధ్యలోకి వేసి రెండు కాళ్ల మీద లేచి కుడిచేత్తో చిన్న హుక్. డిఫెండర్ మధ్య వైపు ఉంటే కుడి కాలు వెనక్కి వాడి కాలు దాటించి డ్రాప్ స్టెప్, ఒకే ఒక్క గట్టి డ్రిబుల్, రెండు కాళ్ల మీద లేవడం.

మీవాడికి ట్రావెలింగ్ పడేది ఇక్కడే అని నేను చూడకుండానే చెప్పగలను. డ్రాప్ స్టెప్‌లో కుడి కాలు వెయ్యడం తప్పు కాదు, ఎడమ కాలు పివట్. ఆ ఎడమ కాలు నేల నుంచి లేచేలోపు బంతి చేతిలోంచి డ్రిబుల్‌కి వెళ్లిపోవాలి. పిల్లలు కాలు ముందు లేపి తర్వాత బంతి కొడతారు. "బంతి, తర్వాత కాలు" అని గట్టిగా అరిపించండి, వాడి నోటితోనే. రెండు వారాల్లో పోతుంది.

హుక్ కుదిరాక అప్ అండ్ అండర్. హుక్ వేస్తున్నట్టు పైకి చూపిస్తే డిఫెండర్ ఎగురుతాడు, పివట్ కాలు నేలమీదే ఉంచి రెండో కాలు వాడి చెయ్యి కిందుగా లోపలికి. బోస్టన్‌కి ఆడిన కెవిన్ మెక్‌హేల్ ఏళ్ల తరబడి దీంతో డిఫెండర్లని గాల్లోకి లేపేవాడు. కానీ హుక్ నిజంగా పడితేనే ఎవరైనా ఫేక్‌కి ఎగురుతారు. అందుకే హుక్ ముందు.

బోర్డు వాడటం నేర్పండి. బోర్డు మీది బాక్స్ పైమూలకి కొట్టడం పొడుగు పిల్లలకి దేవుడిచ్చిన వరం. ఎన్‌బీఏలో టిమ్ డంకన్ ఐదు టైటిల్స్ గెలిచాడు, ఆయన బ్యాంక్ షాట్ చూడటానికి ఏ ఆర్భాటమూ ఉండదు. ఆయన చిన్నప్పుడు ఈతగాడు, 1989 తుపానుకి వాళ్ల దీవిలో ఈత కొలను పాడైపోయాక తొమ్మిదో తరగతిలో బాస్కెట్‌బాల్‌కి వచ్చాడు. మీవాడి తరగతే. ఆలస్యమేమీ కాలేదు.

ఫ్రీ త్రోలు మర్చిపోకండి. పోస్ట్‌లో ఆడేవాణ్ని కొడతారు. ఎన్‌బీఏ సెంటర్ షాక్ (షకీల్ ఓనీల్) అంతటివాడు ఫ్రీ త్రోలు 52.7 శాతమే వేశాడు, చివరి నిమిషాల్లో కావాలని అతన్నే ఫౌల్ చేసేవాళ్లు. రోజూ ప్రాక్టీస్ చివర్లో, అలిసిపోయాక, ఇరవై.

హకీం అభిమాని

డ్రీమ్ షేక్ పక్కన పెట్టమన్నారు గానీ, హకీం గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. నైజీరియాలో లాగోస్ కుర్రాడు, ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్, హ్యాండ్‌బాల్ కూడా ఆడాడు. పదిహేనేళ్లు దాటాకే బాస్కెట్‌బాల్ పట్టుకున్నాడు. ఆ కాళ్లు అక్కడివే. హ్యూస్టన్‌కి వచ్చాక వేసవుల్లో ఫోండే రిక్రియేషన్ సెంటర్లో మోజెస్ మలోన్ లాంటి గట్టివాడి మీద ఆడి దెబ్బలు తిని నేర్చుకున్నాడు. 1994, 1995లో టైటిల్స్. కామెరూన్ నుంచి వచ్చిన ఎన్‌బీఏ సెంటర్ జోయెల్ ఎంబీడ్ కూడా వాలీబాల్ ఆడేవాడు, పదిహేను పదహారేళ్లకి మొదలెట్టి హకీం వీడియోలు చూసి చూసి నేర్చుకున్నాడు, 2023లో ఎంవీపీ అయ్యాడు.

పీఈటీ గారూ, మీరు వాలీబాల్ ఆడానన్నారు. బ్లాకింగ్‌కి వెళ్లేటప్పుడు పక్కకి వేసే అడుగులు, రెండు కాళ్ల మీద లేవడం, బంతి కోసం చేతులు పైనే ఉంచడం, ఇవన్నీ మీకు వచ్చినవే. ఏమీ తెలియదని అనుకోవద్దు. కబడ్డీ నుంచి కూర్చోవడం, వాలీబాల్ నుంచి లేవడం.

వైజాగ్ పాయింట్ గార్డ్

అమ్మాయిల కోచ్ మేడమ్ రాసింది మూడుసార్లు చదివాను. నేను పదేళ్లు పాయింట్ గార్డ్‌గా ఆడాను. మా సెంటర్ అన్నయ్య ఒకాయన ఉండేవాడు, ఎప్పుడూ కుడిచెయ్యి చాపి నిలబడేవాడు. నేను ఇవ్వలేదు. నాకు ఎంట్రీ పాస్ రాదు, రాదని ఒప్పుకోలేక "అన్నయ్యకి బంతి నిలవదు" అని అందరితో అనేవాణ్ని. ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంది.

ఆ ఇద్దరు గార్డ్ పిల్లల కోసం నేను ఒక పని చేస్తాను. వింగ్ (కోర్టు పక్క భాగం) నుంచి పోస్ట్‌కి పాస్ ఇచ్చే డ్రిల్ ఇక్కడి పిల్లలతో చేయించి వీడియో తీసి పంపిస్తాను. డ్రిబుల్ ఆపకుండానే ఒక చేత్తో నేరుగా బౌన్స్ పాస్ ఇవ్వడం, అది వస్తే డిఫెండర్‌కి టైం ఉండదు.

ఫ్రిస్కో నాన్న

ఇక్కడ నేను కూడా శనివారం పొద్దున్నే మావాణ్ని తీసుకెళ్లి గుండ్రం గీసి పివట్లు మొదలుపెట్టాను. మొదటిరోజు విసుక్కున్నాడు. పీట్ న్యూయెల్ గురించి చెప్పాను. 1960 ఒలింపిక్స్‌లో అమెరికాకి బంగారు పతకం తెచ్చిన కోచ్, 1976లో కెర్మిట్ వాషింగ్టన్ అనే ఆటగాడు ఆయన దగ్గరికి వెళ్లి నేర్పమని అడిగితే అదే పెద్ద ఆటగాళ్ల క్యాంప్‌గా మారింది. అప్పటికే ఎన్‌బీఏలో ఉన్నవాళ్లు వేసవిలో వచ్చి మళ్లీ మొదటి నుంచి అడుగులు వెయ్యడం నేర్చుకునేవాళ్లు అంటే మావాడు ఆశ్చర్యపోయాడు. పీఈటీ గారూ, మీకు బంతులు పంపించాలని ఉంది, ఏ సైజు కావాలో చెప్పండి.

అమ్మాయిల కోచ్

అబ్బాయిలకి 7, అమ్మాయిలకి 6. మీ స్కూల్లో పొడుగు అమ్మాయిలు లేరా సార్? ఉంటే వాళ్లని కూడా కోర్టు మీదికి తీసుకురండి. కేరళ నుంచి వచ్చిన గీతూ అన్నా జోస్ 6 అడుగుల 2 అంగుళాల సెంటర్, ఇండియా కెప్టెన్‌గా చేసి, ఆస్ట్రేలియాలో ఆడి, 2011లో అమెరికా మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ జట్ల ట్రయల్స్‌కి వెళ్లొచ్చింది. మా పిల్లలకి నేను మొదట చూపించేది ఆవిడ ఫొటోనే.

మండలం పీఈటీ

ఆరు వారాలైంది. ఇన్నాళ్లూ రాయనందుకు క్షమించండి, పరీక్షలు వచ్చాయి.

డాక్టర్ గారు మోకాలు చూసి భయం లేదన్నారు, మూడు వారాలు ఎగరొద్దన్నారు. ఆ మూడు వారాలూ పివట్లు, గోడకి టెన్నిస్ బంతి కొట్టి పట్టుకోవడం, కూర్చున్న చోటి నుంచి ఎడమచేత్తో హుక్. ఎగరలేకపోవడమే మేలు చేసిందేమో, కాళ్లు కుదురుకున్నాయి. "బంతి, తర్వాత కాలు" అని తరగతిలో కూడా గొణుక్కుంటున్నాడని లెక్కల మాస్టారు చెప్పారు.

నిన్న పక్క మండలం వాళ్లతో ప్రాక్టీస్ మ్యాచ్ ఆడాం. వాళ్లు టూ త్రీ జోన్ వేశారు. మొదటి సగంలో మావాడికి నాలుగు పాస్‌లు వెళ్లాయి, రెండు పోయాయి. నేను అరవలేదు. రెండో సగంలో ఫ్రీ త్రో లైన్ దగ్గర బంతి అందుకున్నాడు, గడ్డం కింద పెట్టాడు, భుజం మీదుగా చూశాడు. ముగ్గురు మీదికి వచ్చారు. కార్నర్‌లో ఉన్న మా పొట్టి గార్డ్‌కి ఇచ్చాడు, వాడు ఖాళీగా వేశాడు, పడింది. తర్వాత ఆ గార్డే వెతికి వెతికి లోపలికి ఇవ్వడం మొదలెట్టాడు. మావాడు మొత్తం 9 పాయింట్లు, అందులో ఒక హుక్, ఎడమ బ్లాక్ నుంచి, బోర్డుకి తగిలి. ట్రావెలింగ్ ఒకటే. మ్యాచ్ ఓడిపోయాం, 6 పాయింట్లతో.

ఫ్రిస్కో సార్, 7 సైజు రెండు, 6 సైజు రెండు ఉంటే చాలు. ఎనిమిదో తరగతిలో ఇద్దరు అమ్మాయిలున్నారు, 5 అడుగుల 8 అంగుళాలు, వాళ్ల అమ్మలతో మాట్లాడాను, ఒప్పుకున్నారు.

ఒక సందేహం మిగిలింది. బంతి అందుకోగానే పక్క నుంచి గార్డ్ వచ్చి కింది నుంచి కొట్టేస్తున్నాడు, మావాడికి వాడు కనపడటం లేదు. ఏం చెయ్యమంటారు?

పాత సెంటర్ 14

బంతి గాల్లో ఉన్నప్పుడే ఆ గార్డ్ ఎక్కడున్నాడో చూడమనండి, పట్టుకున్నాక కాదు. డ్రిల్ ఇది. మీరు పాస్ ఇస్తున్నప్పుడు ఇంకో పిల్లాడు పక్కన నిలబడి వేళ్లు చూపించాలి. మీవాడు బంతి పట్టుకునేలోపు ఎన్ని వేళ్లో గట్టిగా చెప్పాలి. మొదటివారం బంతులు జారతాయి, జారనివ్వండి.

మండలం పీఈటీ

సరే సార్. రేపు పొద్దున ఆరింటికే మొదలుపెడతాను. సుద్ద గీతలు వానకి పోయాయి, ముందు అవి గీయాలి.